నీలం డ్రమ్ములో నీళ్లు

మా మావకి కిడ్నీలు పాడయ్యాయని విశాఖపట్నంలో డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో నీళ్ల దగ్గరే రోజంతా గడిచిపోయేది. వజ్రపుకొత్తూరు వైపు మా ఊళ్లో అలాంటి మనిషి లేని వీధి లేదు. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఎవరూ తేల్చలేదు. తేలకపోయినా, అందరం ముందు మానేసింది బావి నీళ్లు.

మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం బస్సులో క్యాన్లతో నీళ్లు తెచ్చేవాడు. అవి పోసుకోడానికి బజారులో ఒక పాత నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నాడు. అది ఎండలో, వాకిట్లోనే ఉండేది. పాచి పట్టకుండా నేను ఇసుకా, కొబ్బరి పీచూ వేసి గట్టిగా తోమేదాన్ని. రెండు మూడు వేసవులకి దాని లోపలి నునుపు పోయి, సుద్ద పూసినట్టు తెల్లబడింది.

మావకి నీళ్లు కొలత. రోజుకి ఇంతేనని డాక్టరు చెప్పాడు. అందుకని ప్రతి గుక్కా నోట్లో కాసేపు ఉంచుకుని మింగేవాడు.

"అమ్మా, నీళ్లు నాలిక మీద గరగరలాడతన్నాయే" అన్నాడు ఒకరోజు.

"నీ నోరే సేదైపోనాది. నీళ్లకేటైంది?" అంది అత్త.

నాకూ అలాగే అనిపించింది. అయినా ఆయన మాట కొట్టెయ్యలేక, పాత పంచె గుడ్డ బిందె మూతికి కట్టి, డ్రమ్ములో నీళ్లు వడపోశాను. గుడ్డ ఆరాక చూస్తే దాని మీద సన్నటి నీలం పొడి. వేళ్లతో నలిపితే కరగలేదు. నిప్పు మీద వేస్తే ముడుచుకుపోయి, క్యారీ బ్యాగు కాలిన కంపు కొట్టింది.

"ఏటది?" అంది అత్త.

"డ్రమ్మే, అత్తా. డ్రమ్మే రాలిపోతంది."

అత్త గడప మీద కూలబడింది. "బావి నీళ్లు ఒగ్గేమన్నారు, ఒగ్గేసినాం. కొనుక్కున్న నీళ్లల్ల కూడా ఇదేటే?"

మా ఆయన వచ్చి చూశాడు. డ్రమ్ము వంచి, నీళ్లన్నీ కొబ్బరి మొదట్లో పారబోశాడు. పనిలోంచి వచ్చిన చొక్కా కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోయాడు.

ఆ మర్నాటి నుంచి క్యాన్లు రాగానే నీళ్లు స్టీలు బిందెల్లో పోసి, తెర్లించి, చల్లార్చి, కదపకుండా పైతేట వంచి, మడత పెట్టిన గుడ్డలో వడపోసేదాన్ని. గిన్నె అడుగున తెల్లటి మడ్డి మిగిలేది. పొలం నుంచి వచ్చాక ఈ పని. కొబ్బరి మట్టల పొగకి కళ్లు మండేవి. కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ కూడా నీళ్లలో ఉంటుందనీ, కాచినప్పుడు ఆ తెల్లటి మడ్డి కొంత ప్లాస్టిక్‌ని పట్టి ఉంచుతుందనీ, అంతా పోదనీ ఈమధ్య టీవీలో విన్నాను. అంటే నా గుడ్డకి దొరికినవి పెద్దవే. ఆ క్యాన్లూ ప్లాస్టిక్కువే కదా. విని భయం కూడా వెయ్యలేదు, ఒళ్లంతా నీరసం వచ్చింది.

"ఎందుకమ్మా ఈ సాకిరీ? నాను తాగేది గుక్కెడు" అనేవాడు మావ.

"గుక్కెడైనా మంచివి తాగు, మావా."

తాగి, "ఇప్పుడు బాగున్నాయి" అనేవాడు. నిజంగానో, నా కోసమో తెలీదు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

మరుసటి ఏడు అత్తకి కాళ్లు వాచాయి. టెక్కలి తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించాను. కాగితం చూసి డాక్టరు, "కిడ్నీలు బాగానే ఉన్నాయి, ఉప్పు తగ్గించు" అన్నాడు. నవ్వుతుందనుకున్నాను. అత్త తిరుగు బస్సులో కూర్చోగానే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మా ఊరి మలుపు వచ్చినా లేపబుద్ధి కాలేదు. కండక్టరు రెండుసార్లు కేకేశాక లేపాను.