ఉతికి వచ్చిన మూట

డాలీగంజ్ క్వార్టర్స్‌లో మా వరస ఆడవాళ్ళం మొగుళ్ళ క్షేమం ఉత్తరాల్లో వెతుక్కునేవాళ్ళం కాదు. ఉత్తరాల్లో అందరూ కులాసాయే. నడి అండమాన్ అడవుల్లో కొత్త రోడ్డు కోసం సర్వే జరుగుతుండేది. ఆ క్యాంపుకి రేషను మోసుకెళ్ళిన బోటు, వారానికోసారి తిరిగి వస్తూ మగవాళ్ళ మాసిన బట్టల మూటలు తెచ్చేది. మేం ఉతికి, ఎండ కాసిన పూట చూసి ఆరేసి, మళ్ళీ బోటుకి అందించేవాళ్ళం. అక్కడ ఉతుక్కోవడానికి వాగులు లేక కాదు. ఆ అడవిలో బట్ట ఆరదు, తడి మీదే బూజు పడుతుంది.

మూట విప్పితే చాలు, ఆయన వారమంతా నాకు తెలిసిపోయేది. మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి ఉంటే కొండ ఎక్కాడు. పంట్లాం అంచుకి రక్తం ఉంటే జలగ పట్టింది. బనీను పుల్లగా వాసన కొడితే జ్వరం వచ్చి చెమట పట్టి తగ్గింది. అదే మూటలో ఉన్న ఉత్తరంలో మాత్రం "నాకేం, రాయిలా ఉన్నాను" అని రాసేవాడు. రాయికి చెమట పడుతుందా అని నేను సబ్బు రుద్దుతూ తిట్టుకునేదాన్ని.

నేను ఆ దీవులకి వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. ఆయన ఓవర్సీరు. ఓడ దిగి పెట్టెలు సర్దుకునే లోపే ఆయన్ని అడవికి పంపేశారు. కొళాయి దగ్గర అందరూ తెలుగువాళ్ళే గానీ, నోరు విప్పితే సగం హిందీ. వాన మొదలైతే రేకుల మీద పడే చప్పుడుకి పక్కమనిషి మాట కూడా వినపడదు. క్వార్టర్స్ వెనక గోడ దాటితే చెట్లు, ఆ చెట్ల వెనక ఇంకా చెట్లు. రోడ్డు పడబోయే అడవిలో మొదట్నుంచీ ఉంటున్న మనుషులున్నారని, వాళ్ళని ఎవరూ ఒక్క మాట అడగలేదని కొళాయి దగ్గరే విన్నాను. అడగకుండా ఒకరి పెరట్లోకి దూరిన మనిషి నా మొగుడు. అది తెలిశాక నాకు తిండి సయించేది కాదు.

క్వార్టర్స్ పక్కనే ఒక గుడిసెలో అక్క ఉండేది. నాకు తోబుట్టువు కాదు, అలా పిలిచేదాన్ని. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి చేపల వేటకని మొగుడితో వచ్చింది. తుఫానులో పడవ పోయాక వాళ్ళాయన మా ఆయన దగ్గరే ఖలాసీగా చేరాడు. ఆయన గొలుసు లాగితే మా ఆయన కొలత రాసుకునేవాడు. నేను కడుపుతో ఉన్నానని అక్క నన్ను బిందె ముట్టుకోనిచ్చేది కాదు. ఆమెది పెద్ద నోరు, నాదీ తక్కువేం కాదు. మా ఇద్దరికీ అందుకే కుదిరింది.

ఆ వారం బోటు ఆలస్యంగా వచ్చింది. ఆఫీసు జీపు మూటలు దింపి వెళ్ళింది. నాది విప్పి చూస్తే బట్టలు ఉతికి ఉన్నాయి. చొక్కా చేతులు వెనక్కి మడిచి, బనీన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, శుభ్రంగా ఉన్నాయి. పొయ్యి మీద ఆరబెట్టిన పొగ వాసన తప్ప ఒక్క మరక లేదు, ఉత్తరమూ లేదు. నాకు ముందు ఒళ్ళు మండింది. వారమంతా ఆ మురికి కోసమే కదా ఎదురుచూసింది, అందులో నాకేం చదవడానికి లేకుండా పోయింది. తర్వాత నవ్వొచ్చింది. మూట చంకన పెట్టుకుని కొళాయి దగ్గరికి వెళ్ళి అందరికీ చూపించాను.

"చూడండి, మా ఆయన ధోబీ పనిలో చేరాడు."

ఎవరూ నవ్వలేదు. ఎవరిదో బిందె నిండి నీళ్ళు కిందికి కారిపోతున్నా తీసేవాళ్ళు లేరు. అక్క వచ్చి నా చేతిలో మూట తీసుకుంది.

"ఇంటికి పద సెల్లీ. ఎండగుంది," అంది.

ఆకాశం నిండా మబ్బు. ఎండ ఎక్కడుందో నాకు తెలియలేదు.

సాయంత్రానికి ఒకావిడ అన్నం తెచ్చింది, ఇంకొకావిడ చేపల పులుసు తెచ్చింది. ఎందుకని అడిగితే, కడుపుతో ఉన్నావు కదా అన్నారు. నేను నిన్నా కడుపుతోనే ఉన్నాను. నిన్న ఎవరూ పులుసు తేలేదు. గిన్నె అక్కడే పెట్టి అక్క గుడిసెకి వెళ్ళాను.

"అక్కా, ఏం జరిగిందో చెప్పు. చెప్పకపోతే ఇక్కణ్ణించి కదలను."

ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. "కలాసీ డేరాల్లో ఓ పద్దతుంది సెల్లీ," అంది. "మడిసి పోతే ఆడి మాసిన బట్టలు ఇంటికి పంపరు. ఆ మురికి పెళ్ళాం సేత ఉతికించకూడదని తోటోళ్ళే ఉతికి, మడత ఎట్టి పంపుతారు."

"ఇదివరకు అలా ఎవరికైనా వచ్చిందా?"

"ఒచ్చింది. మూట ముందొచ్చింది. ఆపీసోళ్ళు ఎనకాలొచ్చారు."

"మా ఆయన ఖలాసీ కాదు," అన్నాను. అంత పొగరుగా ఎందుకన్నానో. ఆమె ఏమీ అనుకోలేదు. లేచి నా తల తన భుజానికి ఆనించుకుంది.

మర్నాడు ఇద్దరం మిడిల్ పాయింట్ దాకా నడిచి ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా కుర్చీ చూపించాడు. అతను అంత మర్యాద చేస్తే కూడా నాకు భయమేసింది. "దీదీ, వైర్‌లెస్ బంద్ హై. మౌసమ్ ఖరాబ్. ఈ వానకి కబురేదీ అందడం లేదు, వచ్చే బోటు దాకా ఆగండి," అన్నాడు. అతని ముఖంలో ఏమైనా దాస్తున్నాడేమో అని చూశాను. ఏమీ తెలియలేదు.

ఆ వారం ఎలా గడిచిందో అడిగితే చెప్పలేను. ఆ బట్టలు పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు, దండెం మీద వేయబుద్ధి కాలేదు. ఆయన కూర్చునే కుర్చీలో పెట్టి నేను నేల మీద కూర్చున్నాను. రోడ్డు మీద జీపు చప్పుడైతే కడుపులో బిడ్డ కూడా కదలడం మానేసినట్టుండేది. జీపు మా మలుపు తిరగకుండా లంబాలైన్ వైపు వెళ్ళిపోయాక ఊపిరి తీసుకునేదాన్ని.

బోటు వచ్చే రోజు అక్క నన్ను జెట్టీకి తీసుకెళ్ళింది. బియ్యం గోతాలు అక్కడ దింపేసిన బోటు ఖాళీగా, నెమ్మదిగా వచ్చింది. అంచున గడ్డం పెరిగిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. పంట్లాం నిండా బురద. ఆ బురద చూశాకే ఆయన్ని పోల్చుకున్నాను.

దిగీ దిగగానే, "బట్టలు అందాయా?" అన్నాడు గొప్పగా. "నువ్వు నీళ్ళు మొయ్యకూడదని నేనే ఉతికాను. కుక్కుని బతిమాలి పొయ్యి మీద ఆరబెట్టాను. ఎలాగూ వస్తున్నానని ఉత్తరం పెట్టలేదు."

ఓవర్సీర్ల డేరా వేరు, ఖలాసీల డేరాలు వేరు. అవతలి డేరాల్లో ఏ పద్ధతి ఉందో ఈయనకెవరూ చెప్పలేదు. జెట్టీ మీద అంతమంది ముందు ఆయన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి, ఇక్కడ రాయను. తర్వాత ఆ కంపుకొట్టే చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్ళీ పిల్ల పుట్టినప్పుడు కూడా కలగలేదు.

ఆయన తిరిగి వెళ్ళి క్యాంపులో ఈ సంగతి చెబితే ఖలాసీలు పడిపడి నవ్వారట. ఇక్కడ కొళాయి దగ్గరా అదే. అక్క ఆయన్ని ధోబీగారనే పిలిచేది. అందరూ భయపడిన సంగతే అందరికీ నవ్వులాట అయింది. ఆ నవ్వు అందరికీ అవసరమే, ఎవరి మొగుడూ ఇంకా పని ముగించి ఇల్లు చేరలేదు.

పిల్ల పుట్టాక, వానలు ఇంకా తెరిపి ఇవ్వని రోజుల్లో, ఒక పొద్దున నేను అక్క గుమ్మంలో కూర్చుని పిల్లకి నూనె రాస్తున్నాను. జీపు మూటలు దింపి వెళ్ళింది. అక్క తన మూట ముడి విప్పింది. పైనున్న లుంగీ ఉతికి, మడత పెట్టి ఉంది.

అక్క పకపకా నవ్వింది. "ఓలమ్మ, మీ ధోబీగారిని సూసి మావోడూ నేర్సీసినాడు," అని కొళాయి దగ్గరున్న వాళ్ళకి కేకేసి చెప్పింది. వాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని, ఎంత పొందిగ్గా మడిచాడో చూడమంటూ ఒక్కొక్కటే తీసింది. లుంగీ పక్కన పెట్టింది. నీలం చొక్కా తీసి మొహానికి ఆనించుకుంది. దాని కింద గళ్ళ చొక్కా ఉంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నవ్వు మాత్రం ఇంకా మొహం మీద ఉంది.

"ఆడికున్నవి రెండే సొక్కాలు సెల్లీ," అంది. "రెండూ ఇక్కడే ఉన్నాయి. మరి ఒంటిమీద ఏటేసుకున్నాడు?"