అత్తయ్యగారి కుంచం లెక్క

మా అత్తయ్యగారు గాదె తలుపు వారానికి ఒక్కసారే తీసేవారు. ఆవిడకో కుంచెడు, నాకో కుంచెడు ధాన్యం కొలిచి, తాళంచెవి మళ్ళీ బొడ్లో దోపుకునేవారు. వాకిట్లోకి ఏ సరుకొచ్చినా ఆ ధాన్యం పోసే కొనుక్కోవాలి. ఆవిడ కుంచం అచ్చంగా చుట్టలకే పోయేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ నాకు బుద్ధులు చెప్పేవారు.

"ఒకటి కొన్నావంటే ఇంకోటి వదులుకున్నట్టేనే అమ్మాయ్. ఆ వదులుకున్నదే దాని అసలు ఖరీదు."

ఆ శ్రావణంలో మా చెల్లెలి పెళ్ళి. నా చేతులకి చూస్తే పాత గాజులు రెండేసి మిగిలాయి. పెళ్ళిలో అందరూ నా చేతులే చూస్తారని ఒకటే బెంగ. ఆ వారం కుంచం గాజులకని చేటలో పోసి పక్కన పెట్టాను. ఇంతలో గోదావరి వరదలో పడ్డ పులసని తట్టలో పెట్టుకుని చేపలామె వచ్చింది.

"మీ ఆయనకి పులసంటే ప్రాణమే," అన్నారు అత్తయ్యగారు, నా చేట వంక చూస్తూ.

ఎవరికి ప్రాణమో నాకు తెలీదూ. "ఇది గాజులకండి అత్తయ్యగారూ. చేప కొంటే నేను తినేది గాజులే కదండీ, మీరే చెప్పారు," అన్నాను.

చేపలామె తట్ట ఎత్తుకోబోయింది. అత్తయ్యగారు గొణుక్కుంటూ తన కుంచం పోసేశారు. పులుసు అదిరిపోయింది. నేనూ మొహమాటపడకుండా తిన్నాను.

మర్నాటికి చుట్టలు అయిపోయాయి. ఇక చూడాలి నా తిప్పలు. కూరలో ఉప్పెక్కువ, ముగ్గు వంకర, నేను నడిస్తే చప్పుడు. గాదె తీద్దామంటే ఆవిడ మాటే ఆవిడకి అడ్డం. చివరికి నా పక్కన చతికిలబడ్డారు.

"సగం కుంచం ఇలా పొయ్యవే."

"ఒక్క చేతికే గాజులొస్తాయండి అప్పుడు. బదులుగా మీరేం వదులుకుంటారు?"

"పెళ్ళి ముందురోజు కాదు, ఇంకో రెండు రోజులు ముందే వెళ్ళు, పో."

నేను లేనప్పుడు నాట్లవాళ్ళకి వండటానికి మా ఆడబిడ్డ వస్తానంది గాని, వచ్చేది పెళ్ళి ముందురోజు. అత్తయ్యగారికది గుర్తు రాలేదు. నేను గుర్తు చెయ్యలేదు. పుట్టింట్లో రెండు రోజులంటే మాటలా? రెండో చేతిని కొంగుతో కప్పుకుంటే సరిపోతుందనుకుని ధాన్యం పోసేశాను.

ప్రయాణం రోజున ఆవిడ కాలవ గట్టు దాకా వచ్చారు, నోట్లో చుట్టతో.

"పిచ్చిదానా, రెండు రోజులకోసం ఒక చేతి గాజులు పోగొట్టుకున్నావు," అని నవ్వారు.

పడవ ఒడ్డు వదిలాక అడిగాను. "ఇవాళా రేపూ నాట్లవాళ్ళకి వంటెవరు చేస్తారో లెక్క చూసుకున్నారా అండీ?"

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి ఏదో అన్నారు. గట్టు మీద పడవ లాగేవాళ్ళు అప్పటికే తాడు భుజానికెత్తుకున్నారు. నాకేమీ వినపడనట్టు, గాజులున్న చెయ్యి ఊపాను.