చిట్టెమ్మ రెండో బొమ్మ

గోపాలపట్నంలో, మేడమీది గదిలో రోజారమణి వేసిన బొమ్మలన్నీ గోడలకి ఆనించి ఉన్నాయి. డిసెంబరులో విశాఖలో ప్రదర్శన, ఆ వెనకే హైదరాబాదులో మరొకటి. బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తూ, సెలవుల్లో మాత్రమే కుంచె పట్టే ఆమెకి అచ్చంగా తన బొమ్మలతోనే ప్రదర్శన జరగడం ఇదే మొదటిసారి. అంతా సిద్ధమయ్యాక కూడా ఆమె మనసు కుదురుగా లేదు.

కారణం అన్నిటికన్నా పెద్ద బొమ్మ. తడి ఇసకలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రంకేసి చూస్తున్న ఆడమనిషి అందులో ఉంది. ఆమె పెదజాలరిపేట చిట్టెమ్మ. చేపల తట్టతో ఈ వీధికి వచ్చినప్పుడల్లా రోజారమణి గుమ్మంలో కాసేపు కూర్చుని గానీ వెళ్లదు. కిందటేడు వాయుగుండం పట్టినప్పుడు ఆమె భర్త నూకరాజు వెళ్లిన బోటు సాయంత్రమైనా వెనక్కి రాలేదు. కబురు తెలిసి పరుగున వెళ్లిన రోజారమణి, ఆ సాయంత్రం ఒడ్డున చిట్టెమ్మని అలా చూసింది. మర్నాడు పొద్దున్నే బోటు క్షేమంగా వచ్చిందని ఫోనులో విని ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ ముఖం ఆమెని వదల్లేదు. సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని ఆర్నెల్లపాటు వేసింది.

నిర్వాహకులు ఆహ్వానపత్రిక మీదకి ఆ బొమ్మనే ఎంచుకున్నారు. అప్పుడు పట్టుకుంది భయం. అడక్కుండా ఒక మనిషి ఏడుపు తీసుకెళ్లి గోడకి వేలాడదీస్తున్నానే అనిపించింది. రెండుమూడు సార్లు దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. చివరికి చిట్టెమ్మ తట్ట దించగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చిట్టెమ్మ చేతులు కడుక్కుని మేడెక్కింది. బొమ్మకి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"వద్దంటే తీసేత్తానప్పా. కార్డులు కూడా ఆపించేత్తాను," అంది రోజారమణి.

"ఏడ్సిన మాట నిజమే కదమ్మా, తియ్యడమెందుకు?" అంది చిట్టెమ్మ. "కానీ ఇదొక్కటే ఎడితే సూసినోళ్లు నా మొగుడు పోయాడనుకుంటారు. ఆడు తెల్లారి ఒచ్చీసాడు కదా. అది కూడా ఎయ్యి."

"నానప్పుడు లేను కదప్పా. ఆయనొచ్చినప్పుడు నువ్వేటి సేసావు?"

చిట్టెమ్మ చెప్పడం కాదు, చేసి చూపించింది. చీర తడుస్తున్నా మోకాళ్లలోతు నీళ్లలోకి ఎలా వెళ్లిందో, మొగుడి వీపుమీద రెండు చేతులతో ఎలా బాదిందో, తిడుతూనే అతని చొక్కా అంచుతో తన ముక్కు ఎలా తుడుచుకుందో చూపిస్తుంటే రోజారమణి నవ్వాపుకోలేక, దొరికిన కాగితం మీద గబగబా గీసుకుంది. గుండెల మీద బరువు దిగిపోయినట్టయింది. ఆదివారం నూకరాజు కూడా వచ్చి కదలకుండా నిలబడ్డాడు. పొట్ట కొంచెం తగ్గించి వెయ్యమని మాత్రం సిగ్గుపడుతూ అడిగాడు. రోజారమణి తగ్గించలేదు.

రెండో బొమ్మ మొదటిదానికన్నా చిన్నది, ప్రదర్శన ముందురోజుకి గానీ పూర్తికాలేదు. ఒక మూల రంగింకా పచ్చిగానే ఉండగా దాన్ని పెద్దబొమ్మ పక్కనే తగిలించారు. వచ్చినవాళ్లు పెద్దబొమ్మ దగ్గర ఆగి, దిగులుగా చూసి, పక్కకి జరగ్గానే వాళ్ల ముఖాలు విచ్చుకునేవి. పట్టుచీర కట్టుకుని, పిన్నులు పెట్టుకుని వచ్చిన చిట్టెమ్మ ఆ రెండిటి మధ్యా నిలబడి, అది ముందురోజని, ఇది మర్నాడని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది.

వాళ్లని చూస్తూ రోజారమణి ఓ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె కూర్చోవడం అదే మొదలు. హైదరాబాదుకి పంపేటప్పుడు రెండు బొమ్మల్నీ ఒకే పెట్టెలో సర్దించి, వీటిని విడదీయవద్దని పెట్టె మీద తనే రాసింది.