గోపయ్య గీసిన అడ్డగీత

“మళ్లీ ఫ్లైఓవర్ మీదే ఆగిపోతే? వెనక లారీవాడు చూసుకోకపోతే?”

బిందుమాధవి ఆ మాట అడిగింది చంపాపేట్‌లో ఓ రేకుల షెడ్డు ముందు, మూడేళ్ల అలేఖ్యను భుజాన వేసుకుని. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. రెండు నెలల్లో కారు నాలుగుసార్లు నడిరోడ్డున ఆగింది. నాలుగోసారి ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద, పాపకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి పరుగెత్తుతున్నప్పుడు ఆగింది. ఎవరో ఆటో అతను ఇద్దరినీ ఎక్కించుకుపోయాడు గానీ, వెనక నుంచి వచ్చిన హారన్ల మోత ఆమె నిద్రలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

షెడ్డు యజమాని గోపయ్య యాభై దాటిన మనిషి. ఆమె భయానికి ఓదార్పు చెప్పలేదు. ఆగాక మళ్లీ ఎంతసేపటికి స్టార్టవుతోందని మాత్రం అడిగాడు. అరగంట చల్లారితే అవుతుందని చెప్పి, కారణాలు రాసుకున్న కాగితం ఒకటి ఆమె తీసింది. బ్యాటరీ, ప్లగ్గులు, ఫ్యూజు, రిలే, ఒక్కొక్కటీ పరీక్షించి టిక్కు పెట్టుకుంది. ట్యాంకులోంచి ఇంజన్‌కు పెట్రోల్ తోడే పంపు ఒక్కదాన్నే పరీక్ష లేకుండా కొట్టేసింది.

“అది కొత్తదండీ. మొన్న ఆషాఢంలోనే రింగురోడ్డు పక్కన సాయినాథ్ గారి గ్యారేజీలో వేయించాం.”

గోపయ్య చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. కాసేపు ఆ కొట్టివేతనే చూసి, పాపను లోపల పడుకోబెట్టమని భార్య కిష్టమ్మను పిలిచాడు. ఇంజన్‌కు ప్రెషర్ మీటరు తగిలించి బండి స్టార్ట్ చేశాడు. వేడెక్కితే గానీ రోగం బయటపడదు. అందాకా ఇద్దరూ ఆ మీటరు ముల్లు ముందే కూర్చున్నారు.

ఆ ఎదురుచూపులోనే ఆయన కథ ఆమెకు తెలిసింది. నల్లగొండ జిల్లాలో తండ్రితో కలిసి బోరు మోటర్లు లాగేవాడు. పైపుకు చెవి ఆనించి, రెండు వందల అడుగుల లోతున మోటరు ఎలా ఉందో చెప్పేవాడు. కార్ల పంపు కూడా పెట్రోల్లో మునిగి ఉండే మోటరే కదా, పట్నంలో అదే విద్య పనికొచ్చింది. సాయినాథ్ దగ్గర పదకొండేళ్లు చేశాడు. విప్పిన పాత పంపులు చెత్తలోకి పోకుండా వెనక గదిలో ఓ గోనెసంచిలోకి, అక్కడినుంచి కొత్త ప్లాస్టిక్‌లో మళ్లీ బండ్లలోకి పోతున్నాయని ఆఖరి ఏడాది గమనించాడు. అప్పటినుంచి, వేడెక్కితే ఆగిపోతోందని విప్పేసిన ప్రతి మోటరు మీదా, రబ్బరు తొడుగు కింద, మేకుతో అడ్డగీత గీసి పక్కన ‘గో’ అని చెక్కేవాడు.

ఓ రోజు సాగర్ రోడ్డు మీద ఆగిపోయిన బండి తాలూకు మనుషులు గ్యారేజీ మీదికొచ్చారు. కొత్త పంపు అమ్ముకుని పాతది బిగించింది గోపయ్యేనని సాయినాథ్ అందరి ముందూ వేలు చూపించాడు. దొంగ అన్నాడు, మూడుసార్లు. ఆ పంపు విప్పి చూడమని గోపయ్య మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు ఎల్బీనగర్‌లో ఏ షెడ్డూ పని ఇవ్వలేదు. కిష్టమ్మ అల్మాస్‌గూడలో నాలుగిళ్లలో అంట్లు తోమి పొయ్యి వెలిగించింది.

“ఐదేండ్లాయె మేడం. నా గీతున్న బండి ఒక్కటన్న రాకపోతదా అని చూస్తున్న.”

మూడున్నర దగ్గర నిలవాల్సిన ముల్లు ఇరవై నిమిషాలకు వణికింది. రెండు దాటి కిందికి జారింది. ఇంజన్ ఆగిపోయింది. వెనక సీటు ఎత్తి చూస్తే పంపుకు కరెంటు పన్నెండు వోల్టులు నిక్షేపంగా అందుతోంది. కరెంటు వస్తోంది, ప్రెషర్ రావడం లేదు. లోపం ఎక్కడుందో ఇక ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తది అన్న ఒక్క మాట నమ్మి, క్లాసులో పిల్లలను చేయనివ్వని తప్పు తానే చేసింది.

గోపయ్య బ్యాటరీ తీగ ఊడదీసి, పైపులో ప్రెషర్ వదిలి, పంపును ట్యాంకులోంచి పైకి లాగాడు. పైన ప్లాస్టిక్ సాయినాథ్ గ్యారేజీ స్టిక్కరుతో తళతళలాడుతోంది. లోపలి మోటరు తీసి రబ్బరు తొడుగు జరిపి ఆమె చేతికిచ్చాడు. అడ్డగీత. పక్కన ‘గో’.

బిందుమాధవికి హారన్ల మోత మళ్లీ వినిపించింది. పాప ఆయాసంలోని పిల్లికూతలు కూడా. పోలీసు కేసు పెడదామంది.

“పెడ్దువుగాని. ముందుగాల నా బాకీ తీరనియ్యి. ఆదివారం వాని షెడ్డు నిండ మంది ఉంటరు.”

కొత్త పంపును ఆమె కళ్లముందే డబ్బా విప్పి, కొత్త సీలుతో బిగించాడు. ఈసారి గంట దాటినా ముల్లు కదల్లేదు.

ఆదివారం గోపయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గ్యారేజీలో తొమ్మిదిమంది తమ బండ్ల కోసం కూర్చుని ఉన్నారు. బిందుమాధవి పాఠం చెప్పే గొంతుతో, తన రసీదూ గ్యారేజీ స్టిక్కరున్న ప్లాస్టిక్కూ చూపించి, చివర మోటరు మీది గీత చూపించింది. ఇది ఐదేళ్ల కింద పనికిరాదని విప్పేసిన మోటరని, దీన్ని బిగించిన బండిలో తన పాప ఉందని చెప్పింది. వెనక గదిలో సంచి ఉంటుందని గోపయ్య అన్నాడు. సాయినాథ్ అడ్డం వచ్చేలోపే ముగ్గురు వెళ్లి దాన్ని ఈడ్చుకొచ్చి కుమ్మరించారు. తొడుగులు జరిపిన కొద్దీ గీతలు బయటపడ్డాయి.

సాయినాథ్ గోపయ్య భుజం పట్టుకున్నాడు. “గోపన్నా, లోపలికి రా, కూసొని మాట్లాడుకుందం.”

“ఆ దినం బయటనే అన్నవ్ గద. బయటనే చెప్పు, నేను దొంగనా?”

సాయినాథ్ కాదని గొణిగాడు.

“జర గట్టిగ. మూడుసార్లు అన్నవ్, మూడుసార్లు చెప్పు.”

తమ బండ్లలో ఏం బిగించావో చూపించమని తొమ్మిదిమందీ చుట్టుముడుతుంటే, సాయినాథ్ మూడుసార్లూ చెప్పాడు. జాలి కలుగుతుందేమోనని బిందుమాధవి తనను తాను పరీక్షించుకుంది. కలగలేదు. హాయిగా ఉంది. మర్నాడు కేసు కూడా పెట్టింది.

ఆ ఆదివారం గ్యారేజీ బయటికొచ్చాక గోపయ్య ఆ మోటరును గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“బిడ్డా, పాత సామాను ఎవ్వని షెడ్డుల ఇడిచిపెట్టకు. నా షెడ్డుల గూడ. అక్కడనే నిలబడి నీ చేత్తోనే గీత గియ్యి, ఇంటికి తీస్కపో.”

ఇప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగులో నెబ్యులైజర్ మందు పక్కన జామెట్రీ కంపాస్ ఒకటి ఉంటుంది. మొన్న గోపయ్య బ్రేకు ప్యాడ్లు మార్చినప్పుడు ఆ షెడ్డులోనే నిలబడి, పాత వాటి మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ‘బిం’ అని చెక్కి, సంచిలో వేసుకుంది.