ఓనర్ బిడ్డ

అశోక్‌నగర్‌లో మేం ఇరవై ఏళ్లు కిరాయికి ఉన్న ఇంటినే 2011లో నాన్న కొన్నాడు. తాతకున్న చెలక భూమి కొత్త రింగ్ రోడ్డు పక్కన పడింది. ఎవరూ దున్నని ఆ ఎర్రమట్టి ఒక్కసారిగా మమ్మల్ని ధనవంతుల్ని చేసింది. బ్రోకర్లు ఊరి బయట పెద్ద పెద్ద ఇళ్లు చూపిస్తామన్నారు. నాన్న ఒక్కటీ చూడలేదు. ఆయనకు ఓనర్ కూర్చునే మేడమీది వరండా కావాలి.

ఆ వరండా నుంచే ఓనర్ మమ్మల్ని నడిపించాడు. గోడకు మేకు కొట్టొద్దు. పొద్దున ఒక్క గంటే నీళ్లు. చుట్టాలు రెండు రోజులకు మించి ఉండొద్దు. నారాయణగూడలో స్టేషనరీ దుకాణంలో సేల్స్‌మన్‌గా ఉన్న నాన్న, ఓనర్ పిలిస్తే అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవాడు. రిజిస్ట్రేషన్ అయిన రోజు సుత్తి పట్టుకుని మేకులు కొడుతూ గదిగదికీ తిరిగాడు.

"ఏడ కొట్టాలె చెప్పు. ఇగ ఎవడడుగుతడు?"

"తగిలించెటందుకు ఏమున్నది మనకు? కొడుతనే ఉన్నవు," అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

మేం మేడమీదికి మారాం. వెనక పోర్షన్‌లో అప్పటికి రెండేళ్లుగా ఒక అక్క కిరాయికి ఉంటోంది. గోదావరి వైపు మనిషి. పగలు ఒక బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీలో సర్కారు టీచరు పరీక్షకు చదువుకునేది. నలుగురిలో నోరు పెగలని నేను ఆమె గదిలో గంటలు గంటలు మాట్లాడేదాన్ని. ఆదివారాలు ఆమె నవలలు తీసుకుని అక్కడే చాప మీద పడుకుని చదివేదాన్ని.

నెల తిరక్కుండానే వెనక పోర్షన్‌కు పాత నియమాలన్నీ మళ్లీ వచ్చాయి. "మేకులు గీకులు కొడితే మంచిగుండదు, చెప్తున్న!" అని నాన్న వరండాలోంచి వంగి అరుస్తుంటే నాకు పాత ఓనర్ గొంతు వినిపించేది. డబ్బు మనిషిని మారుస్తుందంటారు. నాన్నకు మాత్రం ఇరవై ఏళ్లు కింద నిలబడి విన్న పాఠం అప్పజెప్పే వీలు దొరికింది.

తర్వాత కారు వచ్చింది. గల్లీలో పెడితే ఎవరో గీత గీశారు. రెండు రోజులు నాన్నకు అన్నం సహించలేదు. వెనక పోర్షన్ పడగొడితే కారు లోపలికి వస్తుందని తేల్చాడు. అక్క పరీక్షకు ఇంకా మూడు నెలలుంది.

"పరీక్ష దాంక ఉండనియ్యి నాన్నా," అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"మూడు నెల్లు బండి బజార్ల పెట్టాల్నా? నువ్వే పోయి చెప్పు. నీ దోస్తే గద."

"ఏమని చెప్పాలె?"

"మా చుట్టాలొస్తున్నరని చెప్పు. ఓనర్లందరు గదే చెప్తరు."

అక్కకు ఉన్నది ఉన్నట్టు చెబుదామనే మెట్లు దిగాను. ఆమె పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటోంది. "అక్కా, మా చుట్టాలొస్తున్నరు. నెలాఖరుకు ఖాళీ చేయాలంట," అన్నాను.

"చుట్టాలా? ఎవరే?"

"మా మేనత్త వాళ్లు."

"మీ నాన్నగారికి అక్కచెల్లెళ్లు లేరని నువ్వే చెప్పావు కదే." పెన్సిల్ పక్కన పెట్టింది. "కారు కోసమని వీధంతా అనుకుంటోందిలే. పరీక్ష అయ్యేదాకా ఆగమని ఇంకొక్కసారి అడుగుతావా? నువ్వడిగితే వింటారేమో."

"అడుగుతా," అన్నాను.

అడగలేదు. మేడమీద నాకు మొదటిసారి సొంత గది దొరికింది. గోడ నిండా పుస్తకాలకు అరలు చేయిస్తానని నాన్న వడ్రంగితో మాట్లాడాడు. ఆయనకు కోపం వస్తే అవి రావేమోనని భయపడ్డాను. భయమని కూడా అనకూడదేమో, ఆశ.

అక్క విద్యానగర్‌లో నలుగురుండే హాస్టల్ గదికి మారింది. ఆ ఏడాది ఆమె పరీక్ష పోయిందని తర్వాత విన్నాను. ఖాళీ చేసిన రోజు నా డైరీలో "అక్క వెళ్లిపోయింది" అని రాసుకున్నాను. మేమే పంపించామని అక్కడ కూడా రాయలేదు.

పోర్షన్ రెండు రోజుల్లో నేలమట్టమైంది. కారును మొదటిసారి వెనక్కి నడుపుతూ లోపలికి తెచ్చిన రోజు, "బిడ్డా, ఎనక జర జూడు!" అని నాన్న కేకేశాడు. నేను వెళ్లి అక్క గది ఉండే చోట నిలబడి చెయ్యి ఊపాను.

"రానియ్యి నాన్నా, రానియ్యి. ఇంక మస్తు జాగ ఉన్నది."