పెళ్ళి నాది, సన్నాయి ఆయనది

నా భార్య అన్నయ్య, మా బావగారు దుర్గారాజుకు నచ్చిన పాట ఇంకొకరికి నచ్చకూడదు. అలాగని నచ్చలేదన్నా ఊరుకోరు. నచ్చకపోతే కోపం, నచ్చితే అసూయ. ఈ రెంటికీ మధ్యనున్న సన్నటి గట్టు మీద నడవడం ఆయన బంధువులందరం నేర్చుకున్నాం. పాట అవగానే కాసేపు ఆగి, ‘బాగుందండి, మీకు నచ్చినంత కాదులెండి’ అనాలి. అప్పుడే కాఫీ వస్తుంది.

ఆయనవి ఆకివీడులో చేపల చెరువులు. గట్టు మీది రేకుల గదిలో మేత బస్తాలు ఒక పక్క, క్యాసెట్ల బీరువా ఒక పక్క. నాటక పద్యాలు, సన్నాయి మేళాలు, బుర్రకథలు, ఖవ్వాలీలు, ఏ దేశం వాడు ఊదాడో తెలియని శాక్సఫోన్, అన్నీ ఉన్నాయి. దేనికి వేళ దానిదే. పద్యాలు రేకుల మీద వాన పడుతుంటేనే వినాలట. అప్పుడైతే హార్మోనియం శ్రుతి తప్పడం వినపడదు. శాక్సఫోన్‌కి చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడే తాళమట. చేపలు పట్టే రోజున మాత్రం ఖవ్వాలీ. ఆ చప్పట్లకి ఐసు కొట్టేవాళ్ళ చేతులు ఆగవని ఆయన నమ్మకం.

చేపలు ఏరే దానమ్మ చర్చిలో బాగా పాడుతుంది. ఒక క్రిస్మస్‌కి బావగారే వెళ్ళి ఆమె కీర్తన రికార్డు చేసుకొచ్చారు. తన గొంతు తను మొదటిసారి విని దానమ్మ మురిసిపోయింది.

“మరీ అంత మురిసిపోకు దానమ్మా,” అన్నారు బావగారు మొహం ముడుచుకుని. “పాడడం వరకే నీది. వినడం నాది.”

తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే నిరంజన్ గారిది ఇంకో కథ. చేపల కోసం వచ్చిన మనిషిని కూర్చోబెట్టి శాక్సఫోన్ వినిపించారు. పాపం ఆయనకి మన గట్టు నడక తెలియదు. కళ్ళు మూసుకుని తల ఊపారు. బావగారు టక్కున టేపు ఆపేశారు.

“కళ్ళెందుకు మూశారండీ?”

“తన్మయత్వం అండీ.”

“అది మీ ఇంటి దగ్గర పెట్టుకోండి.”

క్యాసెట్టు ఒక్కరోజుకి ఇమ్మని నిరంజన్ గారు బతిమాలుకున్నారు. బావగారు రెండు కొర్రమేనులు ఇచ్చి పంపారు. బావగారి దగ్గర క్యాసెట్టు అడిగినవాడికి చేప దొరుకుతుంది, క్యాసెట్టు దొరకదు.

ఇక నా కడుపుమంట సంగతి. అది ఒక్క క్యాసెట్టు గురించే. నా పెళ్ళిలో సన్నాయి మేళం అద్భుతంగా వాయించిందని ఆకివీడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను వినలేదు. మా నాన్న ఏలూరు నుంచి బ్యాండు తెచ్చాడు. పెళ్ళికొడుకుని కాబట్టి నన్ను దాని పక్కనే నడిపించారు. నా చెవుల్లో డప్పులు తప్ప ఏమీ పడలేదు. బావగారు మాత్రం పెళ్ళికూతురి గది కిటికీలో టేపురికార్డరు పెట్టి మేళమంతా పట్టేశారు. నా పెళ్ళి సన్నాయి ఊరంతా విని, నేను వినకపోతే నాకెలా ఉంటుంది? పైగా కొల్లేటి చెమ్మకి క్యాసెట్లకి బూజు పడుతోంది. అది పాడైతే ఈ జన్మకి ఇక వినలేనని బెంగ.

అడిగినప్పుడల్లా ఒకటే మాట.

“పెళ్ళి మీదండి బావగారూ. సన్నాయి నాదండి.”

ఓ శీలావతి చేప సంచిలో పెట్టి సాగనంపేవారు. ఆ పులుసు నాకు ఏనాడూ రుచించలేదు.

ఈ ఏడాది ఉండి గ్రామంలో నేనూ ఒక చిన్న చేపల చెరువు తవ్వించాను. మేత గురించి సలహాల కోసం ఆకివీడు వెళితే బావగారు ఊళ్ళో లేరు. ఆయన భార్య నాగమణి అక్కయ్య బీరువా వెతికి ఒక క్యాసెట్టు చేతిలో పెట్టింది. డబ్బా మీద ‘చేపల మేత, సలహాలు’ అని బావగారి అక్షరాలు. ఆ ఇంట్లోంచి చేప లేకుండా క్యాసెట్టుతో బయటపడ్డ మొదటి మనిషిని నేనే.

ఇంటికొచ్చి కాగితం, పెన్ను పట్టుకుని టేపు నొక్కాను. నా భార్య ప్రసన్న పక్కనే కాకరకాయలు తరుగుతోంది. మేత రాలేదు. సన్నాయి వచ్చింది.

ఇద్దరం కదల్లేదు. అంత బాగుంది. ఇంతలో సన్నాయి మీదుగా, మైకు పక్కనే, ఒక ఆడపిల్ల గొంతు.

“పెళ్ళికొడుకు నడక చూశావుటే? బాతు గట్టెక్కుతున్నట్టుంది. నాకీ పెళ్ళి వద్దని మా అన్నయ్యతో చెప్పవే.”

ప్రసన్న చేతిలో కత్తి ఆగింది. ఆ వెంటనే బావగారి పడుచు గొంతు వినపడింది.

“ఏడవకమ్మా. కొత్త చెప్పులు కరిచి ఉంటాయి. నేను కనుక్కున్నాను, కుర్రాడికి పాటలంటే ప్రాణం. పాట చివరిదాకా వినేవాడు పెళ్ళాం మాటా చివరిదాకా వింటాడు.”

ముక్కు చీదిన చప్పుడు. “అయితే సరే.” సన్నాయి పైకి లేచింది.

“చెప్పులు నిజంగానే కరిచాయి,” అన్నాను నేను.

ప్రసన్న నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. మా పెళ్ళికి ముందు బావగారు అడిగినవాళ్ళకల్లా క్యాసెట్లు ఇచ్చేవారట. ఈ అసూయ జబ్బు ఆ తర్వాతే వచ్చిందట.

“మీ ఒక్కరికే ఇవ్వనంటే ఎందుకని ఆరా తీస్తారు కదండీ. అందుకని అందరికీ మానేశాడు. పోనుపోను ఆ జబ్బు నిజంగానే పట్టుకుంది.”

“ఆ ముక్క చెరిపేయచ్చుగా?”

“అంత మంచి సన్నాయి చెరుపుతాడా మా అన్నయ్య?”

ఇన్నాళ్ళూ నేను ఆయన్ని చూసి కుళ్ళుకుంటుంటే, ఆయన నా మనసు నొచ్చుకోకూడదని ఊరందరి చేతా పిసినారి అనిపించుకున్నారు. సాయంత్రానికి ఫోను రానే వచ్చింది. బావగారు పలకరింపు కూడా లేకుండా అడిగారు.

“ఆ క్యాసెట్టు విన్నారాండీ?”

“విన్నానండి. మేత లేదు, సన్నాయి ఉంది. మధ్యలో ఎవరో ఆడపిల్లలు మాట్లాడారు. మా బ్యాండు గోలలో ఒక్క ముక్క తెలియలేదు.”

అవతల పెద్ద నిట్టూర్పు. కాసేపటికి పాత అనుమానం మేలుకుంది.

“సన్నాయి ఎలా ఉందండీ?”

“బాగుందండి,” అన్నాను. “మీకు నచ్చినంత కాదులెండి.”

మర్నాడు పొద్దున్నే ఆయనే స్వయంగా ఒక పెద్ద శీలావతి తెచ్చి ఇచ్చి, క్యాసెట్టు పట్టుకుపోయారు. నేను గేటు దాకా సాగనంపాను. వెనక నుంచి ప్రసన్న నా నడకే చూస్తోందని నాకు తెలుసు.