ఎడమకు వంగిన సాళ్లు

రిటైరైన బస్సు డ్రైవరును ఇంట్లో పెట్టుకుని వేగడం ఎంత కష్టమో మా ఇంటావిడను అడగాలి. ఉద్యోగమంతా పావగడ నుంచి నాగలమడిక, మంగళవాడ వైపు పల్లెలకు బస్సు తోలినవాణ్ణి. రిటైరయ్యాక కూడా తెల్లవారకముందే మెలకువ వచ్చేసేది. ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాణ్ణి. పోవాల్సిన చోటంటూ ఏదీ లేదు. మా ఊరి మీదుగా పోయే మొదటి బస్సు కాస్త ఆలస్యమైతే నాకు తిక్క రేగేది. గేరు మార్చిన చప్పుడు విని తోలేవాడి పనితనం తేల్చేసి, లోపలికొచ్చి వాణ్ణి తిట్టేవాణ్ణి. వినేది మా ఇంటావిడ ఒక్కతే.

ఆమె మా అక్క కూతురే. పెళ్లికి ముందూ నేను ఆమెకు మామనే, పెళ్లయ్యాకా మామనే. నేను స్టీరింగు పట్టుకున్నన్నాళ్లూ మా చేను చూసుకున్నది ఆమే. వేరుశనగ ఎప్పుడు వేయాలో, మధ్యమధ్యలో అంతరపంటగా కంది, అనుములు, అలసందల అక్కిడి సాళ్లు ఎక్కడ పెట్టాలో అంతా ఆమె ఇష్టం. నా సేద్యమల్లా సెలవు రోజున గట్టు మీద నిలబడి సలహాలు చెప్పడం. వాటిని ఆమె ఒక్కనాడూ పట్టించుకోలేదు, చేను బాగుపడింది.

సోలార్ పార్కు వచ్చినప్పుడు చుట్టుపక్కల చేన్లన్నిటితో పాటు మాదీ కౌలుకిచ్చాం. వాన కోసం మొగులు చూసి చూసి విసిగినవాళ్లం. ఇద్దరం కూర్చుని మాట్లాడుకునే ఇచ్చాం, ఇప్పటికీ దాన్ని తప్పనను. ఇల్లు నిశ్చింతగా గడుస్తోంది. కాకపోతే ఆ రోజుతో ఆమె నాకంటే ముందే రిటైరయిందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నాకైతే డిపోలో దండ వేశారు, శాలువా కప్పారు, మైసూరుపాకు పంచారు. ఆమె మాత్రం ఎద్దులు అమ్మిన మరునాడు కొట్టం ఊడ్చుకుని, అందులో కట్టెలు పేర్చుకుంది.

ఇంకొకటి కూడా అప్పటినుంచే మొదలైంది. బస్సెక్కితే సోలార్ కంచె కనబడే వైపు కిటికీ దగ్గర కూర్చోదు. సీటు ఖాళీగా ఉన్నా సరే, ఇటుపక్క ఇరుక్కుని కూర్చుంటుంది. ఎందుకే అంటే, "ఆపక్క ఎండ కొడతాది మామా" అనేది. పొద్దున పూట ఆ పక్క ఎండే పడదు. ఆ రోడ్డు మీద అన్నేళ్లు తిరిగిన నాకు ఆ సంగతి తెలియదా? తెలిసినా ఊరుకునేవాణ్ణి.

పనిలేని మనిషిని కదా, ఒకరోజు అటక సర్దుదామని నిచ్చెన వేశాను. పాత కుండలు ఒక్కొక్కటే దించి, పారేయాల్సినవి వాకిట్లో పెడుతున్నాను. వంటింట్లోంచి ఆమె పరుగున వచ్చి ఒక కుండను ఒడిసి పట్టుకుంది. మూత తీసి చూపించింది. బూడిద కలిపిన అనుములు. అవి వాళ్లమ్మ, అంటే మా అక్క, కాపురానికి పంపుతూ ఒడిలో కట్టి ఇచ్చిన విత్తనం. ఆ కాయల వాసనే వేరు. చలికాలంలో పచ్చికాయ ఒలిచి రాగిముద్దలోకి పులుసు పెడితే వీధంతా తెలిసేది. సంతలో దొరికే కాయలకు ఆ వాసన రాదు. చేను పోయాక కూడా ఆమె ఏటా పెరట్లో నాలుగు పాదులు పెట్టి విత్తనం నిలుపుకుంటూ వచ్చింది. పోయినేడు మా సందులో రోడ్డూ కాలువా వేశారు, పెరడు కాస్తా సిమెంటు కిందికి పోయింది.

"ఈ ఏడన్నా మన్నులో పడకపోతే ఇంక మొలవవు మామా. మీ అక్క ఇత్తనం నా చేతుల్లోనే పోయేట్టుండాది," అంది.

గొంతు పెద్దది చేయలేదు. కొంగుతో కుండ అంచు తుడిచి మూత పెట్టింది. మా అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆమెవంటూ ఈ భూమ్మీద మిగిలినవి ఈమె, ఆ గింజలు.

సోలార్‌వాళ్లు కొలతలు వేసినప్పుడు గుట్టవార మా చేలో చిన్న నేల చెక్కను రాళ్లున్నాయని వదిలేశారు. కంచెకూ గుట్టకూ మధ్య, రోడ్డు దాకా పట్టీలాగా ఉంటుంది. అక్కడికి ట్రాక్టరు రాదు, ఊళ్లో ఎద్దులు లేవు. నేను నాగలమడిక పోయి, తెలిసిన వెల్డరు దగ్గర కూర్చుని సైకిల్ గుంటక చేయించాను. ముందు పాత సైకిలు చక్రం, దాని వెనక నేల చీల్చడానికి చిన్న కర్రు, తోయడానికి రెండు పిడులు. మోపెడ్ మీద కట్టుకుని ఇంటికి తెస్తే ఆమె చుట్టూ తిరిగి చూసి నవ్వింది.

"నీకు తోలేదానికి ఏందో ఒకటి కావల్ల, అంతే గదా," అంది.

ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో.

వాన పడే లోపల రాళ్లు ఏరాం. అరుగు మీద కూర్చోవడం మానేశాను. పొద్దున్నే లేవడానికి ఇప్పుడొక సాకు దొరికింది. మొదటి వాన పడి నేల పదును కాగానే ఒడిలో విత్తనం పోసుకుని ఆమె, గుంటక భుజాన వేసుకుని నేను బయలుదేరాం. నేను ముందు గుంటక తోస్తూ సాలు తీయాలి. ఆమె వెనకే వస్తూ గింజ జారవిడిచి, కాలితో మన్ను కప్పాలి. ఇంతకంటే తేలికైన రూటు నా సర్వీసులో లేదనుకున్నాను.

సాలు ఆ చివరి దాకా తీసి తిరిగి చూద్దును కదా, నా సాలు తిన్నగా పోకుండా ఎడమకు వంగి వంగి పోయింది. రెండోదీ అంతే. కర్రు వంకరేమోనని వెల్డరును తిట్టాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది.

"కర్రు బాగానే ఉండాది. నువ్వే, నాలుగు అడుగులకొకసారి ఎడమపక్కకు తిరిగి ఏందో చూస్తాండావు. ఏముండాది ఆడ?"

ఏముంటుంది, అద్దం. బస్సు తలుపు ఎడమవైపు. ఎక్కేవాళ్లు ఎక్కారా, ఫుట్‌బోర్డు మీద ఎవరైనా వేలాడుతున్నారా అని ఎడమ అద్దంలో చూసి చూసి మెడకు అదే అలవాటైపోయింది. వెనక ఆమె వస్తోందా లేదా అని నా మెడ దానంతటదే తిరుగుతోంది. ఆ మాట చెబితే ఆమె నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడింది.

"ఎనక్కి చూడాకు మామా. నేను యాడికీ పోను, ఎనకే వస్తాండా. నువ్వు పోనీ," అని లేచి, కొంగు బిగించి, "రైట్" అంది.

గుట్ట మీద గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన పైనుంచి కేకేశాడు. "ఏమప్పా, బస్సు ఈ రూట్లో కూడా ఏసినారా?"

ఆ "రైట్" నా సర్వీసంతా ఎందరో కండక్టర్ల నోట విన్న మాటే. కానీ ఆమె నోట వింటే ఒళ్లు పులకరించింది. మెడ బిగబట్టుకుని తోశాను. సాళ్లు కాస్త దారికొచ్చాయి, పూర్తిగా రాలేదు. ఆమె సరిపెట్టుకుంది.

తర్వాత వాన ముఖం చాటేసింది. మోపెడ్‌కు రెండు క్యాన్లు కట్టి బోరు దగ్గర నీళ్లు పట్టుకొచ్చి చెంబుతో పోశాం. చాలా గింజలు మొలవలేదు. ఆమె రోజూ వంగి మన్ను గీరి చూసేది, నేను ఆమె ముఖం చూసేవాణ్ణి. ఒక పొద్దున సాలు పక్కన కూర్చుని నన్ను చేత్తో పిలిచింది. నేల పగిలి, గింజను నెత్తిన పెట్టుకుని అక్కడక్కడా మొలకలు లేస్తున్నాయి. ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

చలి మొదలయ్యాక ఆమె కళ్లద్దాలకని పావగడకు బయలుదేరాం. బస్సెక్కి నేను అలవాటు కొద్దీ ఇటుపక్క సీటు చూశాను. ఆమె నన్ను దాటుకుని నేరుగా పోయి కంచె వైపు కిటికీ దగ్గర కూర్చుంది. అద్దం పక్కకు తోసింది. సోలార్ పలకల వరసలు దాటి గుట్టవార చెక్క దగ్గర పడుతోందనగా లేచి నిలబడి, డ్రైవరును పిలిచింది.

"రవ్వంత నిదానంగా పోనీప్పా. మా అనుములు పూతకొచ్చినాయి, చూడల్ల."

ఆ డ్రైవరు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. అద్దంలో నా వైపు చూసి, గేరు తగ్గించాడు. వంకర సాళ్ల నిండా పూత. ఆమె కిటికీలోంచి తల బయట పెట్టి, చెక్క కనుమరుగయ్యేదాకా చూసింది.

పావగడ చేరేసరికి బస్సు ఆలస్యమైంది. నేను ఎవరినీ తిట్టలేదు.